నెట్ డేటా ఎటు పోతోంది?.. లెక్క తెలుసుకోండిలా

నెల సగమైనా గడవకముందే నెట్ వేగం పడిపోతోందని, రోజువారీ డేటా మధ్యాహ్నానికే అయిపోతోందని వినియోగదారులు వాపోవడం పరిపాటిగా మారింది. సంస్థను నిలదీయడానికి ముందు ఇంట్లో ఏ పరికరం ఎంత డేటా వాడుతోందో పరిశీలించుకుంటే అనవసరపు రీచార్జి ఖర్చు తప్పుతుంది. లోపం సంస్థదే అయితే తగిన ఆధారమూ చేతిలో ఉంటుంది.

వేగం వేరు.. పరిమాణం వేరు

ప్లాన్‌లో పేర్కొనే 40 ఎంబీపీఎస్ అన్నది వేగం. ఇది మెగాబిట్లలో ఉంటుంది. ఫైళ్ల పరిమాణాన్ని మాత్రం మెగాబైట్లలో చెబుతారు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌పై సెకనుకు గరిష్ఠంగా 5 ఎంబీ మాత్రమే దిగుతుంది. ఇంట్లో నలుగురు ఒకేసారి వాడితే ఆ వేగాన్నే పంచుకోవాలి. డేటా మిగిలి ఉన్నా నెట్ నెమ్మదించడానికి ఇదొక కారణం.

ఎక్కువ భాగం వీడియోలకే

నెట్‌ఫ్లిక్స్ సంస్థ లెక్క ప్రకారం సాధారణ నాణ్యతతో గంటసేపు వీడియో చూస్తే 1 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు, 4కేలో 7 జీబీ వరకు ఖర్చవుతుంది. అదే 128 కేబీపీఎస్ నాణ్యతతో గంటసేపు పాటలు వింటే అయ్యేది సుమారు 58 ఎంబీ మాత్రమే.

కంటికి కనిపించని వాడకం కూడా తక్కువేమీ కాదు. ఫోన్‌లో యాప్‌ల అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే వీడియోలు వాటంతట అవే డేటాను వాడుకుంటాయి. సీసీ కెమెరా 1 ఎంబీపీఎస్ చొప్పున దృశ్యాలను నిరంతరాయంగా క్లౌడ్‌కు పంపితే రోజుకు 10.8 జీబీ, 30 రోజులకు 324 జీబీ అవుతుంది. అప్‌లోడ్‌ను కూడా కలిపి లెక్కించే ప్లాన్లలో ఇది పరిమితిని త్వరగా హరిస్తుంది.

ఎలా చూడాలి?

* ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ విభాగంలో డేటా యూసేజ్ ఉంటుంది. ఏ యాప్ ఎంత వాడిందో అక్కడ కనిపిస్తుంది. మొబైల్ డేటాను, వైఫైని విడివిడిగా చూడాలి.
* విండోస్ కంప్యూటర్‌లోనూ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద డేటా యూసేజ్ వివరాలు లభిస్తాయి.
* వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటా విభాగంలోకి వెళ్లి వీడియోల ఆటో డౌన్‌లోడ్‌ను నిలిపివేయవచ్చు.
* రౌటర్ అడుగున ముద్రించిన చిరునామాను బ్రౌజర్‌లో టైపు చేసి లాగిన్ అయితే, వైఫైకి అనుసంధానమైన పరికరాల జాబితా వస్తుంది. తెలియని ఫోన్ ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి.
* సంస్థ యాప్‌లో చూపే రోజువారీ వాడకాన్ని ఇంట్లోని పరికరాల మొత్తంతో సరిపోల్చాలి. టీవీ, కెమెరాల వాడకాన్నీ కలిపి చూసినా భారీ తేడా ఉంటే, బయటివారు వైఫై వాడుతున్నారేమో పరిశీలించాలి.

ఫిర్యాదుకు మార్గం

అపరిమితం అని చెప్పే బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలోనూ ఎఫ్‌యూపీ పేరిట పరిమితి ఉండవచ్చు. అది దాటితే వేగం తగ్గుతుంది. పరిమితిలో 50, 90, 100 శాతం వాడకం పూర్తయిన ప్రతిసారీ బ్రాడ్‌బ్యాండ్ వినియోగదారునికి సమాచారం ఇవ్వాలని ట్రాయ్ 2016లో సంస్థలను ఆదేశించింది.

లెక్కలో తేడా కనిపిస్తే ఫోన్, యాప్ తెరల చిత్రాలను తేదీలతో సహా భద్రపరచుకోవాలి. కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తప్పనిసరిగా తీసుకోవాలి. పరిష్కారం సంతృప్తికరంగా లేకుంటే 30 రోజుల్లోగా అదే సంస్థ అప్పిలేట్ అథారిటీని ఆశ్రయించవచ్చు. అక్కడ డాకెట్ నంబరే కీలకం.