హైగేట్ గురువారాలు: కోల్‌రిడ్జ్ మాటలు పుస్తకమైన తీరు

పండితుల నోటి మాటలను శిష్యులో బంధువులో రాసి ఉంచి, వారు కన్నుమూసిన తరువాత అచ్చువేయించే ఆచారం ఐరోపాలో పాతదే. మార్టిన్ లూథర్ భోజన వేళల్లో పలికిన మాటలు ఆయన పోయిన ఇరవై ఏళ్లకు, 1566లో వెలువడగా, ఇంగ్లండులో న్యాయకోవిదుడు జాన్ సెల్డెన్ మాటలు 1689లో అచ్చయ్యాయి. ఇటువంటి సంకలనాలకు అక్కడ ‘టేబుల్ టాక్’, అంటే భోజనపు బల్ల దగ్గరి సంభాషణ, అనే పేరు స్థిరపడింది. ఆ కోవలో సాహిత్యపరంగా ఎక్కువ కాలం నిలిచినది కాల్పనికోద్యమ కవి శామ్యూల్ టేలర్ కోల్‌రిడ్జ్ పేరిట 1835లో లండన్ ప్రచురణకర్త జాన్ మర్రే తెచ్చిన రెండు సంపుటాల గ్రంథం.

నల్లమందును సారాయిలో కరిగించి చేసే లాడనం అనే మందుకు బానిసైన కోల్‌రిడ్జ్, 1816 ఏప్రిల్‌లో లండన్ శివారు హైగేట్‌లోని వైద్యుడు జేమ్స్ గిల్మన్ ఇంట కొద్దికాలం ఉండి కోలుకుందామని చేరి, 1834లో మరణించేదాకా ఆ కుటుంబంతోనే ఉండిపోయాడు. కవిత్వం అప్పటికే పలచబడింది గాని మాట మాత్రం సన్నగిల్లలేదు. గురువారం సాయంత్రాల్లో ఆయన మాటలు వినడానికి యువ రచయితలూ మతాచార్యులూ వచ్చేవారు. సొంత అన్న కొడుకూ, తరువాత కూతురు సారాను పెళ్లాడి అల్లుడూ అయిన హెన్రీ నెల్సన్ కోల్‌రిడ్జ్ 1822 డిసెంబరు నుంచి ఆ మాటలను తేదీల వారీగా రాసిపెట్టాడు.

వాటిలో కొన్ని నేటికీ చలామణిలో ఉన్నాయి. ఎడ్మండ్ కీన్ నటనను చూడడమంటే మెరుపుల వెలుగులో షేక్‌స్పియర్‌ను చదవడమేనన్నది 1823 నాటి మాట; మెచ్చుకోలుగా ఉదాహరించే ఈ వాక్యంలో, మెరుపుల మధ్య మిగిలే చీకటి గురించిన విసురు కూడా లేకపోలేదు. తనలో హామ్లెట్ పోలిక కొంత ఉందని 1827లో ఒప్పుకున్నాడు. ఆయన కవిత ముసలి నావికుడి గాథలో నీతి లేదని రచయిత్రి బార్బోల్డ్ ఆక్షేపించిందట. నీతి లేకపోవడం కాదు, మరీ ఎక్కువైందని ఆయన బదులిచ్చాడు. బావి గట్టున ఖర్జూరాలు తిని గింజలు విసిరిన వర్తకుడి ఎదుట భూతం ప్రత్యక్షమై, గింజ తగిలి తన కొడుకు కన్ను పోయింది గనుక నిన్ను చంపుతానన్న అరేబియన్ కథలో ఉన్నంత నీతి చాలునని ఆయన వాదం.

మాటల్లో ఇంత పొదుపు ఆయన సహజ స్వభావం కాదు. 1819 ఏప్రిల్‌లో హాంప్‌స్టెడ్ దగ్గర ఆయన వెంట రెండు మైళ్లు నడిచిన కవి కీట్స్, అమెరికాలోని సోదరుడికి రాసిన లేఖలో ఆ కాసేపట్లో దొర్లిన విషయాలను వరుసపెట్టాడు: నైటింగేల్ పిట్టలు, కవిత్వం, పీడకలలు, దయ్యాల కథలు. మనిషి దగ్గరికి వస్తున్నప్పుడూ దూరమవుతున్నప్పుడూ కూడా ఆ గొంతు వినబడుతూనే ఉందని చమత్కరించాడు. రచయిత కార్లైల్‌కు అంత ఓపిక లేదు. 1851లో జాన్ స్టెర్లింగ్ జీవితచరిత్రలో ఆ సంభాషణను గట్టు తెలియని ప్రవాహంగా, వినేవాణ్ణి ముంచే వరదగా చిత్రించాడు.

ఆ వరదను దోసిళ్ల కొద్దీ పట్టి పెట్టినవాడు హెన్రీ నెల్సన్. అతడు రాసుకున్నది చాలావరకు జ్ఞాపకం నుంచి; అచ్చుకు ఇచ్చేటప్పుడు వాక్యాలను సవరించాడు, ఇబ్బంది కలిగించేవాటిని తగ్గించాడు. కోల్‌రిడ్జ్ మరణానంతరం రచయిత డిక్విన్సీ పత్రికా వ్యాసాల్లో ఆయన నల్లమందు సంగతీ గ్రంథచౌర్యమూ బయటపెట్టి ఉన్నందువల్ల, మామ పరువు నిలపడం కూడా ఆ పుస్తకానికి ఒక పనైంది. 1990లో కార్ల్ వుడ్‌రింగ్ సంపాదకత్వంలో రాతప్రతులూ అచ్చుప్రతీ రెండూ వెలువడడంతో ఈ తేడాలను పోల్చిచూసే వీలు కలిగింది. కాబట్టి హైగేట్ సూక్తులను ఉదాహరించేవారు కోల్‌రిడ్జ్ పేరు పక్కన హెన్రీ నెల్సన్ పేరు కూడా చెప్పడం న్యాయం.