పిల్లల ఎదుగుదలపై అనుమానమా? ఎదురుచూపులు వద్దు

గుత్తి: ఏడాదిన్నర నిండినా నడవని బిడ్డ, రెండేళ్లు దాటినా రెండు పదాలు కలిపి పలకని బిడ్డ, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని బిడ్డ. ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో పెద్దలు తరచూ చెప్పే మాట ఒక్కటే: ‘వాళ్ల మేనమామకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, ఆగండి’. కొందరి విషయంలో అది నిజం కావచ్చు. ఎవరి విషయంలో నిజమో తేల్చవలసింది మాత్రం వైద్యులే. మెదడు వేగంగా ఎదిగే తొలి ఏళ్లలో పోగొట్టుకున్న నెలలు తిరిగి రావు.

ఎవరీ వైద్యులు?
ఎదుగుదల, ప్రవర్తన సమస్యలను పరిశీలించే పిల్లల వైద్యులను డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్లు అంటారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఏడీహెచ్‌డీ, అభ్యసన లోపాలు వీరి పరిధిలోనివి. దేశంలో వీరి సంఖ్య తక్కువ. ఉన్నవారిలో అధికులు మహానగరాల్లోనే ఉన్నారు. అందువల్ల వీరు దొరికేదాకా ఆగకుండా, అందుబాటులో ఉన్న చోట మొదలుపెట్టడం మేలు.

తొలి మెట్టు ఊళ్లోనే
మాతా శిశు సంరక్షణ కార్డులో ఏ నెలకు బిడ్డ ఏమి చేయాలో బొమ్మలతో ఉంటుంది. తేడా కనిపిస్తే అంగన్‌వాడీ కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు చెప్పి, ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల వైద్యునికి చూపించాలి. మాటలు రాని ప్రతి బిడ్డకూ ముందుగా వినికిడి పరీక్ష తప్పనిసరి.

అనంతపురంలో...
2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు వారిలో లోపాలను గుర్తించి, జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. ఈ కేంద్రం గుత్తికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఉంది. సేవలు ఉచితం. ఇలాంటి కేంద్రాల్లో వైద్యునితో పాటు ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ నిపుణులూ ఉండాలన్నది నిబంధన. బడి వయసు పిల్లలకు మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి.

పెద్ద ఆసుపత్రులు
మరింత లోతైన పరిశీలన అవసరమైతే బెంగళూరులోని నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం, వేలూరు సీఎంసీలో ఎదుగుదల వైద్య విభాగం, సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ ఉన్నాయి. బెంగళూరు, హైదరాబాద్ వైపు వెళ్లే రైళ్లు గుత్తి జంక్షన్‌లో దొరుకుతాయి.

వలస వెళ్లినా ఆపవద్దు
వానలు మొహం చాటేసిన ఏడాది ఈ ప్రాంతం నుంచి బెంగళూరుకు వలసలు సాధారణం. థెరపీ మధ్యలో ఆగేది అప్పుడే. పరీక్షల కాగితాలన్నీ ఒక ఫైలులో భద్రపరచి వెంట తీసుకెళితే అక్కడి ఆసుపత్రిలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే అవస్థ తప్పుతుంది. ఇంట్లో చేయించవలసిన అభ్యాసాలను థెరపిస్టు వద్ద నేర్చుకుని రోజూ చేయించాలి.

ఆటిజాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. అలా హామీ ఇచ్చేవారికి అప్పులు చేసి డబ్బు కట్టవద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజమూ ఉంది. ధ్రువపత్రం ఉంటే ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు గలవారు నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ పథకంలో రూ.లక్ష వరకు ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు.