అగ్గిపెట్టెలో పట్టే సైన్యం

1988లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో గేమ్స్ వర్క్‌షాప్ అనే ఆటల కంపెనీ ఒక కొత్త పెట్టె ఆటను బజారుకు తెచ్చే పనిలో ఉంది. ఆట పేరు అడెప్టస్ టైటానికస్. రూపొందించినవాడు జెర్విస్ జాన్సన్. సుదూర భవిష్యత్తులో, రెండు కాళ్ల మీద నడిచే టైటన్లనే మహాయంత్రాలు నగరవీధుల్లో ఎదురెదురుగా నిలబడి పోరాడతాయి. అంత పెద్ద యంత్రాన్ని భోజనాల బల్ల మీదికి దించాలంటే పక్కనుండే మనిషి సుమారు 6 మిల్లీమీటర్లకు కుదించుకుపోవాలి. సరే, కుదించారు. అసలు చిక్కు అచ్చు దగ్గర వచ్చింది. ప్లాస్టిక్ బొమ్మకు ఉక్కు అచ్చు చెక్కించాలి. దాని ఖరీదు తక్కువ కాదు. రెండు పక్షాలకు రెండు రకాల టైటన్లు చేయించడానికి కేటాయించిన సొమ్ము చాలలేదు. ఒక్క నమూనాతోనే సరిపెట్టుకున్నారు. పెట్టెలో ఆరు బొమ్మలు, ఆరూ ఒకే పోలిక.

మరి శత్రువులిద్దరి దగ్గరా ఒకే రకం యంత్రాలు ఎందుకున్నాయి? ఆడేవాడు అడగక మానడు. ఒక ఇంటివాళ్లే రెండుగా చీలి కొట్టుకుంటున్నారని చెబితే జవాబు కుదురుతుంది. హోరస్ తిరుగుబాటు కథ రూపు దిద్దుకున్నది ఆ అవసరంలోంచే. చక్రవర్తికి ప్రాణసమానుడైన సేనాని హోరస్ అడ్డం తిరగడం, సైన్యంలో సగం అతని వెంట పోవడం, నిన్నటిదాకా ఒక పంక్తిలో నిలబడినవాళ్లు ఒకరి మీదికొకరు తుపాకులు ఎత్తడం. దాయాదుల పోరుకు ఎంత బలముందో భారతం విని పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2006లో డాన్ అబ్నెట్ నవలతో మొదలైన హోరస్ గాథ యాభై పుస్తకాలు దాటింది. ఉక్కు అచ్చుకు డబ్బు చాలకపోవడం వల్ల అంత సాహిత్యం పుట్టింది.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఈ సంగతి మీద ప్రేమతోనే. సైన్స్ ఫిక్షన్ యుద్ధక్రీడల చరిత్రలో చోటు చాలనప్పుడు, డబ్బు చాలనప్పుడు బొమ్మ చిన్నదైంది. బొమ్మ చిన్నదైన ప్రతిసారీ కథ పెద్దదైంది. కొత్తగా ఈ ఆటలోకి రాదలచుకున్నవాళ్లకు చిన్న బొమ్మే సరైన మొదటి మెట్టు అని నేను నమ్మడానికి కారణం ఇదే.

బల్ల మీద యుద్ధం నడపడమనే ఆలోచనకు మూలం మన దేశంలోనే ఉంది. రథ గజ తురగ పదాతులను గళ్ల మీద నిలిపిన చతురంగం పర్షియా, అరబ్బు దేశాల మీదుగా యూరప్ చేరి చెస్ అయింది. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్‌విగ్ అనే పండితుడు ఆ గళ్లను ఎన్నో రెట్లు పెంచి, వాటికి కొండలూ నదులూ చేర్చాడు. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా సైనికాధికారి గళ్లను తీసేసి 1:8000 కొలతతో గీసిన పటం పరిచాడు. పాచికలు, మధ్యవర్తి, నియమాల పుస్తకం పెట్టి దాన్ని అధికారుల శిక్షణకు పనికొచ్చేలా తీర్చాడు. అక్కడివరకూ అది సైన్యం సొత్తు.

దాన్ని ఇంటి నేల మీదికి తెచ్చినవాడు హెచ్.జి. వెల్స్. కాలయంత్రాన్ని ఊహించినవాడు, అంగారకులను భూమి మీదికి దింపినవాడు, 1913లో లిటిల్ వార్స్ అని ఒక పుస్తకం వేశాడు. బ్రిటన్స్ కంపెనీ చేసే సీసపు సైనికులు, చిన్న చెక్కముక్కను నిజంగానే విసిరే స్ప్రింగు ఫిరంగి, పుస్తకాలతో చెక్కదిమ్మలతో కట్టిన ఊళ్లు అతని సామగ్రి. కాల్బలం ఒక్క ఎత్తుకు ఒక అడుగు దూరం, గుర్రపు దళం రెండడుగులు. ఫిరంగి కదిలితే ఆ ఎత్తులో పేలదు, పేలితే కదలదు. ఈనాటి నియమాల పుస్తకాల్లో పాటించే పద్ధతులు చాలావరకు అందులో కనిపిస్తాయి.

ఆ పుస్తకంలో ఒక్క అంగారకుడూ లేడు. పదేళ్ల ముందే, 1903లో, ద లాండ్ ఐరన్‌క్లాడ్స్ కథలో వెల్స్ ఇనుప కవచం తొడిగిన యుద్ధవాహనాలను ఊహించాడు. నిజమైన ట్యాంకులు రణరంగంలో దిగింది 1916లో. అలాంటివాడి ఆటలోనూ ఉన్నవి గుర్రాలు, తుపాకులు, ఎర్రకోటు సైనికులే. దుకాణంలో దొరికే బొమ్మ ఏదో ఆట కూడా దాని చుట్టూనే తిరుగుతుంది. అంగారకుల బొమ్మలు పోసేవాడు అప్పటికి లేడు. పుస్తకం చివర వెల్స్ బొమ్మల యుద్ధాన్నీ నిజమైన యుద్ధాన్నీ పక్కపక్కన పెట్టి, రెండోది ఎంత మొరటు వ్యవహారమో సూటిగా రాశాడు. ఆ మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఆ పేజీలు చదివితే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

తరువాత కూడా చాలాకాలం సైన్స్ ఫిక్షన్ బొమ్మ రాలేదు. అమెరికాలో సైన్స్ ఫిక్షన్ రచయిత ఫ్లెచర్ ప్రాట్ న్యూయార్క్‌లో నౌకాయుద్ధపు ఆట నడిపి, 1940లో దాని నియమాలు అచ్చువేయించాడు. కానీ అతని బొమ్మలు సముద్రపు ఓడలే. ఆకాశనౌకలు కావు. 1974లో జాన్ మెక్‌యువన్ స్టార్ గార్డ్ అన్న నియమావళితో గ్రహాంతర సైన్యాలను బల్లకెక్కించాడు. అదే ఏడు గైగాక్స్, బ్లూమ్ అనే ఆటల రూపకర్తలు కలిసి ఎడ్గర్ రైస్ బరోస్ అంగారక నవలల ఆధారంగా వారియర్స్ ఆఫ్ మార్స్ తెచ్చారు. 1977లో స్టార్ వార్స్ సినిమా విడుదలయ్యాక ఇక బొమ్మలకు కొనేవాళ్లు కరువు కాలేదు.

ఈలోగా ఇంగ్లండ్‌లో మరో మార్పు జరిగింది. 1972లో పీటర్ లెయింగ్ 15 మిల్లీమీటర్ల సైనికులను పోసి అమ్మడం మొదలుపెట్టాడు. లోహపు బొమ్మకు ఉక్కు అచ్చు అక్కర్లేదు. గుండ్రటి రబ్బరు పలకలో అచ్చు తీసి, దాన్ని గిరగిరా తిప్పుతూ మధ్యలో కరిగిన తగరపు మిశ్రమం పోస్తే లోహం అంచులకు పరుగెత్తి ప్రతి గుంటలోనూ నిండుతుంది. ఈ పనికి పెద్ద ఫ్యాక్టరీ కూడా అక్కర్లేదు. ఒక షెడ్డు చాలు. బొమ్మ చిన్నదైతే లోహం తక్కువ, ధర తక్కువ. పిల్లవాడి చేతిఖర్చుతో ఒక దళం తయారవుతుంది. 1980లో బ్రయన్ ఆన్సెల్ రాసిన లేజర్‌బర్న్ ఈ 15 మిల్లీమీటర్ల బొమ్మల కోసమే. అందులోని బోల్టర్ తుపాకులు, శక్తికవచాలు ఏడేళ్ల తరువాత రిక్ ప్రీస్ట్‌లీ రచించిన వార్‌హామర్ 40,000లో మళ్లీ కనిపించాయి. 1975లో ముగ్గురు మిత్రులు లండన్ ఫ్లాట్‌లో మొదలుపెట్టిన గేమ్స్ వర్క్‌షాప్ ఆ ఆట బలంతోనే 2024 డిసెంబర్‌లో లండన్ షేర్ మార్కెట్‌లోని నూరు పెద్ద కంపెనీల జాబితాకు ఎక్కింది.

ఇక్కడ చిన్న లెక్క చూడాలి. 28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే దాదాపు 1:60. నాలుగడుగుల బల్ల, అంటే 120 సెంటీమీటర్లు, ఆ లెక్కన 72 మీటర్ల నేల. మంచి బ్యాటర్ కొట్టిన సిక్సర్ అంతకంటే దూరం పోతుంది. అంత ఇరుకు చోట ట్యాంకులు, రాకెట్లు మోహరించడంలో అర్థం లేదు. అక్కడ పది మంది సైనికుల కొట్లాట మాత్రం బాగుంటుంది. 15 మిల్లీమీటర్లకు దిగితే, అంటే సుమారు 1:100 అయితే, అదే బల్ల 120 మీటర్లు. 6 మిల్లీమీటర్లకు, అంటే 1:300కి వస్తే 360 మీటర్లు. వీధులు, వంతెన, గుట్ట, ఆ గుట్ట వెనక దాక్కున్న ట్యాంకుల దళం, అన్నీ ఒకే బల్ల మీద ఇముడుతాయి. ఒక్కో పీట మీద అయిదుగురిని అతికించిన 6 మిల్లీమీటర్ల పదాతుల దళం ఒక అగ్గిపెట్టెలో పట్టేస్తుంది.

అమెరికా నుంచి వచ్చిన రెండు ఆటలు ఈ చిన్న కొలతకు ప్రాణం పోశాయి. మొదటిది 1977లో వచ్చిన ఓగర్. రచయిత స్టీవ్ జాక్సన్. గేమ్స్ వర్క్‌షాప్ స్థాపకుల్లో అదే పేరున్న బ్రిటిష్ వ్యక్తి వేరు. అప్పటి ధర 2 డాలర్ల 95 సెంట్లు, కాగితపు బిళ్లలు, ఒక పటం, అంతే. ఒకరి చేతిలో తనంతట తానే ఆలోచించే ఒకే ఒక్క మహాట్యాంకు, రెండోవారి చేతిలో మామూలు ట్యాంకులు, పదాతుల గుంపు. గుంపు ఆ రాక్షసి చక్రాల పట్టీలను, ఫిరంగులను ఒక్కొక్కటిగా కొరుక్కుతింటూ ఆపాలి. దానికి తరువాతి కాలంలో లోహపు బొమ్మలూ వచ్చాయి.

రెండోది నాకు మరీ ఇష్టమైనది. జోర్డన్ వైస్‌మన్ బృందం 1984లో బ్యాటిల్‌డ్రాయిడ్స్ పేరుతో తెచ్చిన ఆట అది. డ్రాయిడ్ అన్న మాట తమదని స్టార్ వార్స్ వారు అడ్డుచెప్పడంతో మరుసటి ఏడు బ్యాటిల్‌టెక్ అయింది. యంత్రాల రూపాలు కొన్ని మాక్రాస్ వంటి జపాన్ యానిమేషన్ సీరియళ్ల నుంచి వచ్చాయి. బొమ్మల కొలత సుమారు 1:285. కథాకాలం 31వ శతాబ్దం. ఐదు రాజవంశాలు తరతరాలుగా పోరాడి తమ విజ్ఞానాన్నే పోగొట్టుకున్నాయి. మెక్ అనే నడిచే యుద్ధయంత్రాన్ని కొత్తగా చేయడం తెలిసినవాళ్లు కరువు. తాత నడిపిన యంత్రాన్నే మనవడు అతుకులు వేసి నడుపుతాడు.

ఆ లోటు నియమాల్లోకీ దిగింది. తుపాకి పేల్చినా, పరుగెత్తినా మెక్ వేడెక్కుతుంది. వేడి పెరిగేకొద్దీ నడక మందగిస్తుంది, గురి తప్పుతుంది, ఇంకా పెరిగితే యంత్రం ఆగిపోతుంది. అన్ని ఆయుధాలూ ఒకేసారి వాడాలన్న ఆశ ఒకవైపు, శత్రువు ముందు కొయ్యబారి నిలబడాల్సి వస్తుందన్న భయం మరోవైపు. తగిలిన ప్రతి దెబ్బకూ కాగితం మీద కవచపు గళ్లు కొట్టేస్తూ పోతారు. ఎడమ చేయి ఊడుతుంది, కాలు విరుగుతుంది. గంట గడిచేసరికి ఆ కాగితమే ఒక కథ చెబుతుంది. గెలుపు ఓటములు మరిచిపోయినా ఒంటిచేత్తో వంతెన కాచిన మెక్‌ను ఆడినవాళ్లు మరిచిపోరు. 2019లో ఈ ఆట కొత్త బొమ్మల కోసం అభిమానులు కిక్‌స్టార్టర్‌లో 25 లక్షల డాలర్లకు పైగా ముందుగానే చెల్లించారు.

బ్రిటన్‌లో జాన్ టఫ్లీ నడిపే గ్రౌండ్ జీరో గేమ్స్ 1990లలో మరో దారి వేసింది. ఎవరి బొమ్మలైనా వాడుకోండి, నియమాలు మావి అన్నది ఆ దారి. ఆకాశనౌకలకు ఫుల్ థ్రస్ట్, 6 మిల్లీమీటర్ల ట్యాంకులకు డర్ట్‌సైడ్, పదాతులకు స్టార్‌గ్రంట్. డర్ట్‌సైడ్‌లో దెబ్బ తగిలితే చీటీలు తీస్తారు. చీటీ మీది రంగు ఆ ఆయుధానికి చెల్లితేనే అంకె లెక్కకొస్తుంది. ఈ పుస్తకాలను తరువాత కంపెనీయే ఉచితంగా డౌన్‌లోడ్‌కు పెట్టింది. కొత్తవాళ్లకు ఇంతకంటే మేలు చేసినవాళ్లు ఈ రంగంలో తక్కువ.

ఇప్పుడు మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నా సలహా ఇది. బొమ్మలు కొనకముందు ఆట ఆడండి. అట్టముక్కలు కత్తిరించి, వాటి మీద పేర్లు రాసి, ఉచితంగా దొరికే నియమాలతో రెండు మూడు పోరాటాలు నడపండి. ఫుల్ థ్రస్ట్‌తో మొదలుపెడితే ఇంకా తేలిక. అంతరిక్షానికి కొండలు, ఇళ్లు అక్కర్లేదు. రెండు మీటర్ల నల్లగుడ్డ చాలు. ప్రతి ఓడ వేగం, మలుపు ఆటగాళ్లిద్దరూ రహస్యంగా రాసుకుని ఒకేసారి బయటపెడతారు. వేగంగా పోతున్న ఓడ ఒక్కసారిగా ఆగదు. ఎదుటివాడు ఎక్కడుంటాడో ఊహించడంలోనే ఆటంతా ఉంది. నేలయుద్ధం కావాలంటే బ్యాటిల్‌టెక్ ఉచిత పరిచయ నియమాలతో చెరి రెండు మెక్‌లు చాలు.

నచ్చాక బొమ్మల సంగతి చూడండి. విదేశాల నుంచి తెప్పిస్తే తపాలా ఖర్చు, సుంకం కలిసి తడిసి మోపెడవుతుంది. నలుగురు కలిసి ఒకేసారి తెప్పించుకోవడం మేలు. హైదరాబాద్‌లాంటి నగరాల్లో త్రీడీ ప్రింటింగ్ చేసిపెట్టేవాళ్లు ఉన్నారు. రెజిన్ ప్రింటర్ మీద 6 మిల్లీమీటర్ల బొమ్మలు చక్కగా వస్తాయి. డిజైన్ ఫైలును మాత్రం గీసినవాడి దగ్గర కొనే వాడండి. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండవచ్చు కనుక వాటిని అరగదీశాక చేతులు కడుక్కోవాలి.

రంగుల విషయంలో చిన్న బొమ్మ చాలా దయగలది. కళ్లు, గుండీలు దిద్దే పని లేదు. ముందు ప్రైమర్, దాని మీద అసలు రంగు, ఆపైన పలుచటి ముదురు రంగు నీళ్లు పూస్తే మడతల్లోకి చేరి నీడలు తేలతాయి. ఆరాక, కుంచెకు లేతరంగు అద్ది కాగితం మీద తుడిచేసి, అంచుల మీద ఆడించాలి. ఒక్క నియమం గుర్తుంచుకోవాలి. నిజమైన రంగు కంటే ఒక పాలు లేతగా వేయాలి, ఎందుకంటే అంత చిన్న వస్తువు మీద ఏ రంగైనా ముదురుగానే కనిపిస్తుంది. కొండలకు థర్మోకోల్, నగరానికి మందుల పెట్టెలు, ఫ్యాక్టరీకి పాత ఛార్జర్ల డబ్బాలు పనికొస్తాయి. 6 మిల్లీమీటర్ల మనిషి పక్కన నిలబడితే టూత్‌పేస్ట్ మూత నీళ్లట్యాంకు అయిపోతుంది.

మొదటి నేలయుద్ధానికి ఓగర్ పద్ధతి ఎంచుకోండి. ఒకరికి ఒకే మహాయంత్రం, రెండోవారికి డజను చిన్న వాహనాలు, మధ్యలో కాపాడాల్సిన ఒక స్థావరం. రంగు వేయాల్సిన బొమ్మలు పదమూడే కనుక నెల తిరగకుండా సైన్యాలు రెండూ సిద్ధమవుతాయి. ఒక పోరాటం ముగిశాక పక్షాలు మార్చుకుని అదే పటం మీద మళ్లీ ఆడాలి. గుంపును నడిపినప్పుడు తట్టని ఎత్తుగడలు మహాయంత్రం సీటులో కూర్చున్నాక తడతాయి. రెండు ఆటలకూ కలిపి చాలాసేపు పడుతుంది, కాబట్టి మధ్యాహ్నం భోజనం కాగానే మొదలుపెట్టండి.