సీసా మూత కథ

సీసా మూతకును ఒక చరిత్రయా అని శ్రోతలు నవ్వవచ్చును. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల వంటిండ్లలో ఒకప్పుడు పొయ్యి ప్రక్కన సోడాబుడ్డిలోనో, షర్బతు సీసాలోనో కిరసనాయిలు ఉండెడిది. దానికి చుట్టిన కాగితమే బిరడా. దాహముగొన్న రెండేండ్ల బిడ్డ సీసాను గుర్తించునే గాని అందున్నది నీరో, నూనెయో ఎరుగదు.

కెనడాలోని విండ్సర్ నగరమున హెన్రీ బ్రో అను పిల్లల వైద్యునికి ఈ బాధయే ఎదురైనది. అచ్చట పిల్లలు మ్రింగునది మాత్రలు. తియ్యని ఆస్పిరిన్ బిళ్లలు వారికి పిప్పరమెంట్లే. ఆయన కోరికపై పీటర్ హెడ్జ్‌విక్ 1967లో ఒక మూతను రూపొందించెను. అరచేతితో అదుముచునే దానిని త్రిప్పవలెను. అదుమనిచో పైమూత ఊరక తిరుగును, సీసా తెరచుకొనదు. రెండు పనులను ఒక్కసారి చేయుట పసివానికి కుదరదు. ఆ ప్రాంతమున పిల్లల విషప్రమాదములు నూటికి 91 వంతులు తగ్గినవి. అమెరికా 1970లో ఇందులకై చట్టము చేసెను. అచ్చటి పరీక్షలో నాలుగేండ్ల ప్రాయపు పిల్లలలో నూటికి 85 మంది ఐదు నిమిషములలో మూత తీయలేకపోవలెను. పెద్దలు మాత్రము తీయగలుగవలెను. ఈ రెండవ నియమమే కష్టమైనది. వ్రేళ్లు నొప్పులుగల అవ్వ విసిగి మూత తీసి పెట్టినచో ఆ తెలివి అంతయు వ్యర్థమే గదా!

మన దేశమున 1958లో కేరళలో పారథియాన్ కలిసిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా మరణించిరి. అటుపిమ్మట 1968లో పురుగుమందుల చట్టము వచ్చెను. డబ్బాపై విషతీవ్రతను తెల్పు రంగుగుర్తు ఉండవలెనని నియమము. అయినను ప్రత్తిచేలకు చల్లగా మిగిలినదానిని చిన్న సీసాలోనికి వంచి గూటిలో పెట్టుట మన రైతులకు అలవాటు. మూతయు, గుర్తును పాత డబ్బాతోనే పోవును. పైగా దానిని మనము ‘మందు’ అనియే పిలుతుము!

ఉప్పునీరు త్రాగించి కక్కించుట మన పల్లెల ఆనవాయితీ. కిరసనాయిలు త్రాగిన బిడ్డకు అది ప్రాణాంతకము. కక్కునపుడు నూనె ఊపిరితిత్తులలోనికి దిగును. తిన్నగా ఆసుపత్రికి కొనిపోవలెను, సీసాను కూడ. ఆళ్లగడ్డనుండి నంద్యాలకు బిడ్డను తెచ్చినపుడు వైద్యుని మొదటి ప్రశ్న, త్రాగినదేమి అని. తండ్రి చేతిలోని సీసాపై నున్నది కూల్‌డ్రింకు పేరు.