పెద్ద బోరు వేట రైఫిలు సైట్లు, రీకాయిల్ ప్యాడ్

పులి, అడవిదున్న, ఏనుగు వంటి పెద్ద మృగాలను కొట్టడానికి వాడే, బరువైన గుండును పేల్చే తుపాకులను పెద్ద బోరు వేట రైఫిళ్ళు అంటారు. సాధారణంగా .375 అంగుళాలు, అంతకు మించిన బోరు గలవి ఈ కోవకు చెందుతాయి. వీటికి బిగించే సైటు, స్కోపు, మడమకు అమర్చే రీకాయిల్ ప్యాడ్ కేవలం అలంకారాలు కావు. గురి తప్పి గాయపడిన మృగం వేటగానికే కాక చుట్టుపక్కల గ్రామాలకు కూడా ప్రమాదకరము. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని చంపినట్లు చెబుతారు. పాత తుపాకి దెబ్బకు దాని కోరలు విరిగి ఉండటమే అది నరమాంసానికి అలవాటు పడటానికి కారణమని కార్బెట్ భావించాడు.

ఇనుప సైట్లు

దట్టమైన అడవిలో పెద్ద మృగం తరచుగా 50 గజాల లోపే ఎదురవుతుంది. అందుచేత వెనుక వెడల్పాటి లోతులేని 'వి' ఆకారపు గాడి, ముందు దంతపు లేదా వెండి పూస గల ఎక్స్‌ప్రెస్ సైటు ప్రచారంలోకి వచ్చింది. పెద్ద రంధ్రం గల పీప్ సైటు మరొక పద్ధతి. కన్ను తనంతట తానే రంధ్రపు మధ్యభాగాన్ని వెదుక్కుంటుంది కనుక చూపు మందగించిన వారికి ఇదే మేలు.

స్కోపు

ఇక్కడ ఎక్కువ పెద్దదిగా చూపే స్కోపు పనికిరాదు. 1 నుండి 4 రెట్లు చూపేది చాలును. కటకపు వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజపు వెడల్పు వస్తుంది. ఉదాహరణకు 32 మి.మీ. కటకం, 4 రెట్లు అయితే 8 మి.మీ. చీకటిలో కంటిపాప సుమారు 7 మి.మీ. మాత్రమే విప్పారుతుంది, కాబట్టి అంతకు మించి లాభం లేదు. అన్నిటికన్నా ముఖ్యం కంటికి, స్కోపుకు మధ్య దూరం. ఇది 9 - 10 సెం.మీ. ఉండాలి. తక్కువైతే పేలిన క్షణంలో స్కోపు అంచు కనుబొమను చీలుస్తుంది. స్కోపు చెడిపోతే వెంటనే తీసివేసి ఇనుప సైటు వాడుకొనే విధంగా బిగింపు ఉండటం మంచిది.

రీకాయిల్ ప్యాడ్

సుమారు 4 కిలోల .375 హెచ్ అండ్ హెచ్ రైఫిలు వెనుకకు తన్నే శక్తి 50 జౌళ్ళ వరకు ఉంటుంది. .30-06 రైఫిలులో ఇది సుమారు 27 జౌళ్ళు. రబ్బరు ప్యాడ్ ఈ తాకిడిని ఆపలేదు, కొంత ఎక్కువ సమయానికి, ఎక్కువ వైశాల్యానికి పంచుతుంది. నిజంగా తగ్గించేది తుపాకి బరువే. బరువు రెట్టింపైతే తన్ను శక్తి సగమవుతుంది. తన్నుకు భయపడినవాడు ట్రిగ్గర్ నొక్కే ముందే ఉలిక్కిపడతాడు, గుండు పక్కకు పోతుంది. కనుక మోయలేనంత పెద్ద రైఫిలు కంటే భరించగలిగినదే మంచి రైఫిలు. ప్యాడ్ చేర్చినప్పుడు మడమ కొయ్యను ఆ మేరకు కోయాలి, లేనిచో తుపాకి భుజానికి సరిగా రాదు. రబ్బరు చొక్కాకు పట్టుకోకుండా పైన తోలు తొడుగుతారు. పాత రబ్బరు గట్టిపడి పగులుతుంది.

తెలుగునాట

సికింద్రాబాదు సమీపంలోని బొల్లారంలో జన్మించిన కెన్నెత్ ఆండర్సన్ (1910-1974) .405 వించెస్టర్ 1895 రైఫిలు వాడేవాడు. నాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ పులి కథ 1954లో వెలువడిన ఆయన పుస్తకం 'నైన్ మ్యాన్‌ఈటర్స్ అండ్ వన్ రోగ్'లో ఉన్నది. ఈ రైఫిలులో ఖాళీ తూటా పైకి ఎగురుతుంది కనుక నడుమ స్కోపు బిగించడం కష్టం. మంచె మీద రాత్రి కాపు కాసేటప్పుడు ఆయన రైఫిలుకు టార్చిలైటు బిగించుకొనేవాడు. చీకట్లో ముందు పూస కనబడాలంటే అదొక్కటే దారి. వరి పొలాల కృష్ణా డెల్టాలో మాత్రం ఇంతటి రైఫిలుకు ఎన్నడూ పెద్దగా పని లేదు.

చట్టం

1907లో బ్రిటిషు ప్రభుత్వం .450 బోరు తూటాలను భారతదేశంలోకి రానీయకుండా నిషేధించింది. తిరుగుబాటుదారుల వద్దనున్న పాత మార్టిని-హెన్రీ రైఫిళ్ళకు అవి చేరతాయని భయం. దానివల్లనే .470, .465 వంటివి పుట్టాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణల తరువాత దేశంలో వేట నిషిద్ధం. మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన పులి వంటి జంతువును పట్టుకోవడం గాని, మత్తు ఇవ్వడం గాని, వేరొక చోటికి తరలించడం గాని సాధ్యం కానప్పుడు మాత్రమే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి, చంపడానికి అనుమతి ఇవ్వగలరు.