పలుచని తాపన రేకులు: తీగ కథ, తొడుగు కథ

ఇస్త్రీపెట్టె ఎందుకు వేడెక్కుతుందని అడిగితే చాలామంది లోపలి నిక్రోమ్ వల్ల అంటారు. అది సరైన సమాధానమే గాని సగం సమాధానం. ఆ నిక్రోమ్ ఇనుప అడుగుపలకకు తగలకుండా మధ్యలో ఒక పొర ఉండాలి. ఆ పొర విద్యుత్తును ఆపాలి, ఉష్ణాన్ని మాత్రం దాటనివ్వాలి. విద్యుత్తును బాగా ఆపే పదార్థాల్లో చాలావరకు ఉష్ణాన్ని కూడా ఆపుతాయి. కాబట్టి ఆ పొరను వీలైనంత పలుచగా చేయడం ఒక్కటే దారి. పలుచని, వంగే తాపన మూలకాల చరిత్రను లోహాల చరిత్రగా కంటే ఈ పొరల చరిత్రగా చదివితేనే బాగా బోధపడుతుంది.

లోహం

విద్యుత్ ప్రవాహం వల్ల పుట్టే ఉష్ణం ప్రవాహ వర్గానికీ, తీగ నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుందని జౌల్ 1840 దశకం ఆరంభంలోనే చూపాడు. కాని ఎర్రగా కాలినా నిలిచే చవకైన తీగ దొరకడానికి మరో అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఇనుప తీగ గాలిలో ఆక్సీకరణం చెంది తెగిపోయేది. ప్లాటినం నిలిచేది గాని దాని ధర అందుబాటులో ఉండేది కాదు. అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్ నికెల్, క్రోమియంల మిశ్రలోహానికి 1906లో పేటెంటు పొందాడు. ఇదే నిక్రోమ్. వేడెక్కినప్పుడు దానిపై ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర ఊడిపోకుండా అంటుకొని, లోపలి లోహాన్ని కాపాడుతుంది. దాని విశిష్ట నిరోధం రాగి కంటే అరవై రెట్లకు పైగా ఎక్కువ. లోహం సమస్య ఇక్కడితో దాదాపు తీరింది.

అభ్రకం

తొలి పలుచని పొర ప్రకృతి ఇచ్చిందే. అభ్రకాన్ని కాగితం కంటే పలుచని రేకులుగా విడదీయవచ్చు. అది కొన్ని వందల డిగ్రీల వేడికి చెక్కుచెదరదు, విద్యుత్తును ప్రవహించనివ్వదు. అభ్రకపు పలకకు నిక్రోమ్ పట్టీ చుట్టి, పైనా కిందా మరో రెండు పలకలు పెడితే ఇస్త్రీపెట్టె ఎలిమెంటు తయారవుతుంది. విద్యుత్ పరిశ్రమ పెరిగేకొద్దీ అభ్రకానికి ప్రపంచమంతటా గిరాకీ పెరిగింది. నెల్లూరు జిల్లాలోని గూడూరు, రాపూరు, సైదాపురం ప్రాంతాల గనుల నుంచి ఆకుపచ్చ ఛాయ ఉన్న అభ్రకం విదేశాలకు ఎగుమతి అయింది. ఏ దేశంలో ఏ యంత్రం లోపల చేరుతుందో తెలియకుండానే మన కూలీలు ఆ రేకులను చేత్తో చీల్చారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతికి దక్కిన చోటు చాలా తక్కువ.

అయితే అభ్రకానికి ఒక లోపం ఉంది. ఎలిమెంటుకు కావలసిన మందంలో దాన్ని గట్టిగా వంచితే పొరలు విడిపోతాయి. చదునైన పలకకు అది చక్కగా సరిపోతుంది, మనిషి ఒంటికి మాత్రం పనికిరాదు.

బాంబర్లలో చలి

ఒంటికి తొడుక్కునే తాపన మూలకం ఎంత అవసరమో రెండో ప్రపంచయుద్ధం చూపింది. యూరప్ మీద ఎగిరిన అమెరికన్ బాంబర్లు సుమారు 25,000 అడుగుల ఎత్తున, సున్నాకు దిగువ 40 డిగ్రీల సెల్సియస్ చలిలో వెళ్లేవి. తెరిచిన కిటికీల దగ్గర మరతుపాకులు పట్టుకొని నిలబడిన వారి వేళ్లు గడ్డకట్టేవి. ఆ దాడుల మొదటి ఏడాదిలో శత్రువుల తూటాలవల్ల కంటే చలికాటువల్ల విధులకు దూరమైన వారే ఎక్కువ.

గుడ్డలో తీగలు కుట్టిన దుస్తులు ఇచ్చారు. తొలి నమూనాల్లో చేతి తొడుగులు, బూట్లు, దుస్తు అన్నీ శ్రేణి సంధానంలో ఉండేవి. మోచేతి దగ్గర పదేపదే వంగి ఒక్క తీగ తెగితే ఒళ్లంతా చల్లబడేది. తర్వాతి నమూనాల్లో సమాంతర సంధానం వచ్చింది. ఒక శాఖ తెగినా మిగిలినవి పనిచేసేవి. పరీక్షల కోసం మీరు చదివిన శ్రేణి, సమాంతర సంధానాల తేడా అక్కడ వేళ్లు మిగలడానికీ పోవడానికీ మధ్య తేడా.

ఐస్లర్ రేకు

వియన్నాలో పుట్టిన యూదు ఇంజనీరు పాల్ ఐస్లర్ 1936లో ఇంగ్లండు చేరాడు. యుద్ధం మొదలయ్యాక శత్రుదేశీయుడన్న పేరుతో ఆ దేశమే అతన్ని నిర్బంధించింది. విడుదలయ్యాక ఒక లితో ముద్రణ సంస్థలో చేరాడు. అచ్చు పనికీ విద్యుత్ వలయానికీ సంబంధం అతనికి కనిపించింది. బంధక పలకకు అతికించిన రాగి రేకుపై కావలసిన గీతలను ముద్రించి, మిగతా రాగిని రసాయనంతో కరిగించవచ్చు. దీనికి 1943లో పేటెంటు దరఖాస్తు చేశాడు. ముద్రిత వలయాలకు మూలం ఇదే.

రాగి బదులు నిరోధం ఎక్కువగా ఉన్న లోహపు రేకును అలాగే చెక్కితే తాపన రేకు అవుతుంది. గుండ్రటి తీగ వస్తువును ఒక గీత వెంబడే తాకుతుంది. చదునైన రేకు వెడల్పంతా తాకుతుంది కాబట్టి ఉష్ణం త్వరగా దాటిపోతుంది, రేకు తక్కువ వేడితోనే అంత పనీ చేస్తుంది. 1957 తర్వాత ఐస్లర్ గోడలనూ నేలనూ ఆహారాన్నీ వేడిచేసే పొరల మీద పనిచేశాడు. వేడెక్కే గోడకాగితం సాంకేతికంగా సాధ్యమే అయింది. అంతలో, 1965లో ఉత్తర సముద్రపు బ్రిటిష్ భాగంలో సహజవాయువు దొరికింది. చవకైన గ్యాస్ ఇళ్లకు చేరడంతో ఆ గోడకాగితం మీద ఆసక్తి తగ్గిపోయింది. మంచి ఆవిష్కరణ ఓడిపోవడానికి దానిలోనే లోపం ఉండనక్కరలేదు.

ఎంపిక

ఐస్లర్ రేకుకు తగిన తొడుగులను పాలిమర్ రసాయనశాస్త్రం ఇచ్చింది. పాలియెస్టర్ చవక, కాని సుమారు 100 డిగ్రీల దగ్గరే ఆగాలి. 1940లలో వచ్చిన సిలికోన్ రబ్బరు సుమారు 200 డిగ్రీల వరకు పనిచేస్తుంది, తేమను తట్టుకుంటుంది, కాస్త మందంగా ఉంటుంది. డ్యూపాంట్ సంస్థ 1960లలో తెచ్చిన పాలిఇమైడు పొర, అంటే కాప్టన్, చాలా పలుచన. అది తీవ్రమైన చలికీ వేడికీ నిలుస్తుంది గనుక అంతరిక్ష నౌకల్లో ఎక్కువగా వాడతారు. కాప్టన్ 400 డిగ్రీలను తట్టుకుంటుందని విని మోసపోకూడదు. పొరలను కలిపే జిగురు అంతకు చాలా ముందే చెడిపోతుంది. ఉన్నవాటిలో బలహీనమైన పొర ఏదో దాని హద్దే మొత్తం రేకుకు హద్దు.

ఒక లెక్క చూడండి. 12 వోల్టుల వద్ద 24 వాట్లు కావాలంటే నిరోధం 6 ఓములు ఉండాలి. రేకు కొలత 10 × 20 సెంటీమీటర్లయితే ప్రతి చదరపు సెంటీమీటరుకు 0.12 వాట్లు. ఇదే రేకును పొరపాటున 24 వోల్టులకు కలిపితే 48 వాట్లు కాదు, 96 వాట్లు వస్తాయి.

రేకు ఎంత వేడెక్కుతుందన్నది వాట్ల మీదే ఆధారపడదు. అంటించిన వస్తువు ఆ ఉష్ణాన్ని ఎంత వేగంగా తీసుకుపోతుందన్నది అంతే ముఖ్యం. అంటించేటప్పుడు కింద గాలి బుడగ మిగిలితే అక్కడి ఉష్ణానికి దారి ఉండదు, ఆ చోటే మాడుతుంది. రేకును మడిచినా, గీత మీద గాటు పడినా ప్రమాదమే. సన్నబడిన చోట నిరోధం పెరిగి వేడంతా అక్కడే చేరుతుంది. అందుకే థర్మోస్టాట్‌తో పాటు, అది పనిచేయని రోజు కోసం వేరుగా ఒక ఉష్ణ ఫ్యూజు కూడా పెడతారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పై లెక్కలోని రేకులు రెండింటిని 12 వోల్టులకు శ్రేణిలో కలిపితే మొత్తం ఎన్ని వాట్లు? సమాంతరంగా కలిపితే ఎన్ని?
2. బాంబర్ సిబ్బంది దుస్తులకు అభ్రకం ఎందుకు పనికిరాదు?