ఆఫీసు తీగ మీద సొంత కబురు

కార్యాలయపు నెట్‌వర్కులో ఉద్యోగులు వాట్సాప్ ముచ్చట్లు సాగిస్తున్నారన్న ఫిర్యాదు ఈనాటిదనుకుంటాం. కాదు మిత్రులారా!

అమెరికా రక్షణశాఖ 1969లో పరిశోధన నిమిత్తం అర్పానెట్‌ను నెలకొల్పింది. 1973 సెప్టెంబరులో, ఇంగ్లండులోని బ్రైటన్ సదస్సు నుండి ఇల్లు చేరిన ఆచార్య లెనార్డ్ క్లైన్‌రాక్, తన ఎలక్ట్రిక్ రేజరును అక్కడే మరచినట్లు గ్రహించాడు. ఇంకా బ్రైటన్‌లోనే ఉన్న లారీ రాబర్ట్స్‌కు ఆ నెట్‌వర్కు ద్వారానే కబురంపి దానిని తెప్పించుకున్నాడు. నిబంధనల ప్రకారం అది తగని పనే. అయితే, ఆ యేడే జరిగిన పరిశీలనలో అర్పానెట్ రద్దీలో ముప్పాతిక వంతు ఈ-ఉత్తరాలదేనని తేలింది. యంత్రాల కోసం వేసిన బాటలో మనుషులే ఎక్కువగా నడిచారన్నమాట!

ఆయనను తప్పుపట్టబోతే నా గతం అడ్డువస్తుంది. బడి సుద్దముక్కలు ఇంటికి తెచ్చి మా అమ్మాయిచేత ఓనమాలు దిద్దించినవాణ్ణి నేను. ఇది సమర్థన కాదు, ఒప్పుకోలు. హద్దు ఎక్కడ గీయాలో మీరే చెప్పండి.